డీఎన్‌ఏ మీద లోహం పట్టు

కెమిస్ట్రీ చెప్పుకుని బతికినవాణ్ణి. రిటైరయ్యాక పెద్దాపురంలోనే, పాండవుల మెట్ట కనబడే ఇంట్లో ఉంటున్నాను. ఇప్పటికీ నా గుమ్మం ఎక్కేవాళ్లు రెండు రకాలు. ఒకరు పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు. రాగితోనో, కోబాల్టుతోనో, రుథీనియంతోనో ఒక సమ్మేళనం తయారుచేసి, అది డీఎన్‌ఏని ఎలా పట్టుకుంటుందో రుజువు చేయాలని తంటాలు పడుతుంటారు. రెండో రకం కాకినాడలోనో విశాఖలోనో కీమో ఎక్కించుకుని వచ్చినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు. ఇద్దరూ అడిగేది మాత్రం ఒక్కటే: "ఆ లోహం లోపలికెళ్లి ఏం చేస్తుందండీ?"

విడివిడిగా చెప్పినవన్నీ ఒకచోట రాసిపెట్టమని పిల్లలు పట్టుబట్టారు. రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, మోతాదుల జోలికి పోను. లోహం సంగతి మాత్రం కాస్త తెలుసు.

1. లోహం డీఎన్‌ఏకి పరాయిది కాదు

1953 ఏప్రిల్‌లో 'నేచర్' పత్రికలో వాట్సన్, క్రిక్‌ల వ్యాసంతో పాటే రోజలిండ్ ఫ్రాంక్లిన్, రేమండ్ గోస్లింగ్‌ల వ్యాసం కూడా వచ్చింది. అందరూ మొదటిదాన్నే తలుచుకుంటారు. రెండోదాని శీర్షిక చూడండి, అందులో సోడియం ఉంది. ఆమె ఎక్స్‌రేలతో ఫొటో తీసింది సోడియం థైమోన్యూక్లియేట్ పోగుల్ని, అంటే డీఎన్‌ఏ సోడియం లవణాన్ని. మనం లోకానికి చూపించుకునే ఆ జంటపోగు బొమ్మ వెనక మొదటి నుంచీ ఒక లోహం ఉంది.

ఎందుకుండాలి? డీఎన్‌ఏ పోగుకి బయటివైపు అంతా ఫాస్ఫేట్లు, ఒక్కోదాని మీద ఒక్కో రుణావేశం. రెండు పోగులూ పక్కపక్కన చేరితే ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. ఆ తోపులాటను చల్లార్చేవి సోడియం, పొటాషియం, మెగ్నీషియం అయాన్లు. లవణం బొత్తిగా లేని డిస్టిల్డ్ వాటర్‌లో డీఎన్‌ఏని వేసి చూడండి, వేడి చేయకుండానే, మామూలు గది ఉష్ణోగ్రతలోనే పోగులు విడిపోతాయి. కణం విడిపోయే ముందు డీఎన్‌ఏకి నకలు తీసే ఎంజైముకి కూడా మెగ్నీషియం లేనిదే చేయి ఆడదు. పీసీఆర్ చేసేవాళ్లు ట్యూబులో మెగ్నీషియం క్లోరైడ్ వేసేది ఇందుకే.

కాబట్టి "లోహం మంచిదా, చెడ్డదా" అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఏ లోహం, ఎంత ఆవేశంతో ఉంది, దాని చుట్టూ ఏమున్నాయి, డీఎన్‌ఏలో ఎక్కడ పట్టుకుంది, పట్టుకున్నాక వదులుతుందా లేదా అని అడగండి. సోడియం పట్టుకుంటుంది, వదులుతుంది. మెగ్నీషియమూ అంతే. ప్లాటినం వదలదు. తేడా అంతా అక్కడే ఉంది.

2. ఎలక్ట్రోడు ఊరుకుంటుందని అనుకోవద్దు

ప్రాక్టికల్స్‌లో పిల్లలకు చెప్పేవాణ్ణి: ప్లాటినం ఎలక్ట్రోడు వాడేది అది దేనితోనూ కలవదని. అది పుస్తకం మాట. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే ఆయన కూడా అదే నమ్మాడు. ఆయన చదువు భౌతికశాస్త్రం. కణం విడిపోయేటప్పుడు లోపల కనబడే ఆకారం, అయస్కాంతం చుట్టూ ఇనుపరజను పరుచుకునే తీరులా ఉందని ఆయనకు తోచింది. అయితే విద్యుత్ క్షేత్రం పెడితే కణవిభజన మీద ప్రభావం ఉండాలి కదా అని ఈ.కోలై బ్యాక్టీరియా పెరిగే ద్రవంలో ప్లాటినం ఎలక్ట్రోడ్లు ముంచి కరెంటు పెట్టాడు.

బ్యాక్టీరియా చావలేదు. విడిపోవడం మానేసింది. విడిపోకుండా పెరగడం మాత్రం ఆపలేదు, మామూలు పొడవుకి 300 రెట్ల వరకు సాగిపోయింది. ఎవరైనా "విద్యుత్తు కణవిభజనను ఆపుతుంది" అని పత్రం రాసేసి ఊరుకునేవాళ్లు. రోజెన్‌బర్గ్, లొరెట్టా వాన్ క్యాంప్, థామస్ క్రిగాస్ అలా చేయలేదు. కరెంటు ఆపేసి, అప్పటికే కరెంటు పారిన ద్రవాన్ని మాత్రం కొత్త బ్యాక్టీరియాకి ఇచ్చి చూశారు. అదే ఫలితం! అంటే పని చేస్తున్నది కరెంటు కాదు, ద్రవంలోకి కొత్తగా చేరినదేదో. ఎలక్ట్రోడు నుంచి ప్లాటినం కొద్దికొద్దిగా కరిగి, ద్రవంలో ఉన్న అమోనియం క్లోరైడుతో కలిసి సమ్మేళనాలు కట్టిందని తేల్చారు. ఆ పత్రం 1965లో వచ్చింది. ఎలుకల్లో కణితులు కరిగిపోయాయన్న పత్రం 1969లో వచ్చింది. 1971లో మనుషులకు ఇవ్వడం మొదలైంది, 1978 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం మందుగా అనుమతించింది. అదే సిస్‌ప్లాటిన్.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ సమ్మేళనాన్ని ఇటలీకి చెందిన మిషెల్ పెయ్‌రోనే 1844లోనే తయారుచేశాడు. 1893లో ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ దాని ఆకారం ఏమిటో చెప్పాడు. మేం డిగ్రీ పిల్లలకు సమన్వయ సమ్మేళనాలు చెప్పేటప్పుడు బోర్డు మీద మొదట గీసే బొమ్మల్లో అదొకటి. నూటపాతికేళ్లు సీసాలో ఉన్న పదార్థం. దానికి డీఎన్‌ఏతో పని ఉంటుందని ఎవరికీ తట్టలేదు. బోర్డు మీద గీసేది మార్కుల కోసమే అనుకునే పిల్లలకు ఈ కథ తప్పక చెప్తాను.

పరిశోధన చేసే పిల్లలకు ఇందులో పనికొచ్చే ముక్క కరెంటు ఆపేసి చేసిన ఆ ఒక్క ప్రయోగం. మీ లోహ సమ్మేళనం పని చేసిందని రాసే ముందు, ఆ లోహం ఉత్త లవణం ఒక్కటే పోసి చూశారా? లోహాన్ని చుట్టుకుని ఉండే లైగాండ్ ఒక్కటే పోసి చూశారా? ఆ రెండు గళ్లూ ఖాళీగా ఉన్న టేబుల్‌ని నా దగ్గరకు తేవద్దు.

3. ఒకే పరమాణువులు, ఒకటే లెక్క, పని మాత్రం వేరు

సిస్‌ప్లాటిన్‌లో ఒక ప్లాటినం, రెండు అమ్మోనియాలు, రెండు క్లోరిన్లు. ట్రాన్స్‌ప్లాటిన్‌లోనూ అవే. మొదటిదాంట్లో రెండు క్లోరిన్లు పక్కపక్కన, రెండోదాంట్లో ఎదురెదురుగా ఉంటాయి. మొదటిది మందు, రెండోది ఎందుకూ కొరగాదు.

క్లోరిన్లు ఊడిన చోట్లతోనే ప్లాటినం డీఎన్‌ఏని పట్టుకుంటుంది. ఎక్కువగా గ్వానైన్ అనే క్షారంలోని ఏడో నంబరు నైట్రోజన్‌ని. ఆ చోట్లు పక్కపక్కన ఉంటే, ఒకే పోగు మీద వరసగా ఉన్న రెండు గ్వానైన్లను ఒకేసారి పట్టేస్తుంది. సిస్‌ప్లాటిన్ వేసే పట్లలో మూడింట రెండొంతులు ఇలాంటివే. ఎడినైన్, గ్వానైన్ జంటను పట్టేవి ఇంకో పావు వంతు. ట్రాన్స్‌ప్లాటిన్ రెండు చేతులూ ఎదురెదురు దిక్కుల్లో ఉన్నాయి కాబట్టి పక్కపక్క గ్వానైన్లు దానికి అందవు.

పట్టేశాక ఏమవుతుందో 1995లో స్టీఫెన్ లిప్పార్డ్ బృందం స్ఫటికం కట్టించి చూపించింది. నిటారుగా ఉండాల్సిన జంటపోగు అక్కడ 35 నుంచి 40 డిగ్రీలు వంగిపోయింది. ఆ వంపును చూసి కొన్ని ప్రోటీన్లు వచ్చి అక్కడే కూర్చుంటాయి, నకలు తీసే యంత్రాంగం ఆగిపోతుంది, బాగుచేసే ఎంజైములు వస్తాయి. బాగుచేయగలిగితే కణం బతుకుతుంది, లేకపోతే తనను తాను చంపుకుంటుంది. వృషణాల క్యాన్సర్ కణాలకు ఈ రిపేరు శక్తి తక్కువ. 1974లో లారెన్స్ ఐన్‌హార్న్ ఈ మందును మరో రెండింటితో కలిపి ఇవ్వడం మొదలుపెట్టాక, ఒళ్లంతా పాకిన ఆ జబ్బు కూడా నయమయ్యే జబ్బుల్లో చేరింది.

4. సెలైన్ మందులో భాగమే

మా వీధిలో పట్టు నేసే ఒకాయనకు దవడలో పుండు వచ్చింది. రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అన్నారు. మొదటిసారి ఎక్కించేరోజు మధ్యాహ్నం నాకు ఫోను.

"మాస్టారండీ, పొద్దుట్నుంచీ ఉప్పునీళ్లే ఎక్కిత్తన్నారండి. మందు సంగతి మర్చిపోయారేమోనండి. అడిగితే సిస్టరమ్మ కోప్పడుద్దేమో."

"మర్చిపోలేదయ్యా. ఆ ఉప్పునీళ్లు లేకుండా ఆ మందు ఎక్కించకూడదు. వచ్చినప్పుడల్లా ఒంటేలుకి వెళ్లు, ఆపుకోకు. ఎంత పోశావో రాయమంటే రాయి."

"ఆయ్, అలాగేనండి. ఉప్పునీళ్లకి కూడా డబ్బులేమోనని..."

ఆయనకు ఫోన్‌లో చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను. సెలైన్‌కి రెండు పనులు. మొదటిది అందరికీ తెలిసినదే: ప్లాటినం కిడ్నీలను దెబ్బతీస్తుంది, నీళ్లు పుష్కలంగా పారితే అక్కడ నిలవ ఉండదు. మెగ్నీషియం కూడా మూత్రంలో పోతుంది కనక అదీ కలుపుతారు. రెండోది రసాయనం. రక్తంలో క్లోరైడు లీటరుకు సుమారు 100 మిల్లీమోల్స్ ఉంటుంది. చుట్టూ అంత క్లోరైడు ఉన్నంతసేపు సిస్‌ప్లాటిన్ తన క్లోరిన్లను వదులుకోదు. కణం లోపల క్లోరైడు చాలా తక్కువ, 20 లోపే. అక్కడికి వెళ్లగానే క్లోరిన్లు ఊడి, ఆ స్థానంలో నీళ్లు చేరతాయి. అప్పుడుగానీ దానికి డీఎన్‌ఏని పట్టే శక్తి రాదు. సీసాలో కూడా అదే లెక్క. క్లోరైడు లేని ద్రవంలో కలిపితే మందు సీసాలోనే మారిపోతుంది. అందుకని సిస్‌ప్లాటిన్‌ని కలిపేది సెలైన్‌లో.

దాని చెల్లెలు ఆక్సాలిప్లాటిన్‌కి సరిగ్గా తిరకాసు. పెద్దపేగు క్యాన్సర్‌కి వాడే మందు, 1976లో జపాన్‌లోని నగోయాలో కిడాని అనే ఆయన తయారుచేసినది. దానికి క్లోరిన్లు లేవు, ఆక్సలేటు ఉంది. దాన్ని సెలైన్‌లో కలిపితే క్లోరైడు వచ్చి ఆక్సలేటుని తోసేస్తుంది. కాబట్టి గ్లూకోజు సీసాలోనే కలపాలి. రెండూ ప్లాటినం మందులే, రెండూ డీఎన్‌ఏనే పట్టుకుంటాయి, ఒకదానికి అమృతమైన నీళ్లు రెండోదానికి పనికిరావు.

ఇంకా కొన్ని. సిస్‌ప్లాటిన్‌ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చల్లబడితే స్ఫటికాలు కడుతుంది. అల్యూమినియం ఉన్న సూదులు వాడకూడదు, అల్యూమినియం తాను కరిగి ప్లాటినాన్ని లోహంగా బయటికి నెట్టేస్తుంది. ఇంటర్మీడియట్‌లో మనం చదివిన స్థానభ్రంశ చర్యే, ఆసుపత్రి గదిలో. ఇవన్నీ నర్సులకు తెలిసినవే. ఇంటివాళ్లకు తెలియాల్సిందల్లా ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్న మనిషికి కొన్నాళ్లు చల్లటివి ఇవ్వకూడదని. మే నెల ఎండల్లో ఇంటికొచ్చిన మనిషికి ప్రేమ కొద్దీ ఫ్రిజ్‌లోంచి మజ్జిగ తీసిస్తారు. తాగగానే గొంతు పట్టేసి ఊపిరాడనట్టు ఉంటుంది. స్టీలు గ్లాసు చల్లగా ఉంటే పట్టుకున్న వేళ్లు కూడా సూదులు గుచ్చినట్టు తిమ్మిరెక్కుతాయి. కుండలో నీళ్లు కూడా ఆ వారం వద్దు.

5. డీఎంఎస్‌ఓ సీసా దగ్గర ఆగండి

ఇది పరిశోధన పిల్లలకు. మీ సమ్మేళనం నీళ్లలో కరగదు. పక్క టేబుల్ మీద డీఎంఎస్‌ఓ సీసా ఉంటుంది, అందులో కరగనిది లేదు. చుక్క వేస్తారు, కరిగిపోతుంది, హమ్మయ్య అనుకుంటారు.

డీఎంఎస్‌ఓలో గంధకం ఉంది. ప్లాటినానికి నైట్రోజన్ కంటే గంధకం అంటే మోజు. క్లోరిన్‌ని నెట్టేసి డీఎంఎస్‌ఓ ఆ చోట్లో కూర్చుంటుంది. మీరు కణాల మీద పోసేది సిస్‌ప్లాటిన్ అనుకుంటారు, నిజానికి అది వేరే సమ్మేళనం. అమెరికాలో మైకేల్ గోటెస్‌మన్ బృందం 2014లో ఈ విషయం మీద ఒక పత్రం రాసింది. డీఎంఎస్‌ఓకి 'నో' చెప్పండని శీర్షికలోనే ఉంది. అప్పటికే ఎన్నో ప్రయోగశాలల్లో సిస్‌ప్లాటిన్‌ని డీఎంఎస్‌ఓలోనే కరిగించి ఫలితాలు ప్రకటించేశారు.

మీ బఫర్‌లో ఈడీటీఏ ఉందేమో కూడా చూసుకోండి. డీఎన్‌ఏని నిలవ ఉంచే బఫర్లలో అది ఉంటుంది. డీఎన్‌ఏని నరికే ఎంజైములకు కావలసిన మెగ్నీషియాన్ని లాగేయడానికే వేస్తారు. అది మీ రాగిని కూడా లాగేస్తుంది. లోహం ఈడీటీఏ దగ్గరికి పోయి, డీఎన్‌ఏ దగ్గర లైగాండ్ ఒక్కటే మిగిలితే, మీరు కొలిచేది ఎవరి పట్టు?

6. ఖరీదైన యంత్రం కంటే గాజు గొట్టం నమ్మకస్తురాలు

నాకు విస్కోమీటర్ మీద అభిమానం ఎక్కువ. ఒప్పుకుంటున్నాను, పక్షపాతమే. దానికి కరెంటు అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఉష్ణోగ్రత మారకుండా నీళ్ల తొట్టి, స్టాప్‌వాచ్, కాస్త ఓపిక చాలు. ద్రవం పైగీత నుంచి కింది గీతకు జారడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడటమే పని. ఆ పాత పనిముట్టు ఒక పెద్ద తగాదా తీర్చింది, ఆ తీర్పులో ఒక తెలుగువాడి చేయి ఉంది.

1980లలో జాక్వెలిన్ బార్టన్ రుథీనియం చుట్టూ మూడు ఫెనాంత్రొలీన్లు ఉన్న సమ్మేళనాల మీద పనిచేసింది. అవి ఎడమచేతి, కుడిచేతి రూపాల్లో ఉంటాయి, డీఎన్‌ఏ ఆ రెంటినీ వేరుగా చూస్తుంది. చాలా అందమైన పని. ఆ సమ్మేళనంలో ఒక రెక్క డీఎన్‌ఏ క్షార జంటల మధ్యకు దూరుతుందని ఆమె చెప్పింది. దీనినే ఇంటర్‌కలేషన్ అంటాం. కాదని కొందరు. ఎన్నో రకాల కాంతి ప్రయోగాలు జరిగాయి, ఎవరి ఫలితాలు వాళ్లకు అనుకూలం.

ఇంటర్‌కలేషన్ అంటే ఏమిటో మా ఊరివాళ్లకు మగ్గం మీద చెప్తాను. నేసిన గుడ్డలో రెండు పేక పోగుల మధ్య ఇంకో పోగు ఇరికిస్తే, ఆ మేరకు గుడ్డ పొడుగవుతుంది. అదే పోగును గుడ్డ మీద ఊరికే పరిస్తే పొడుగు మారదు. డీఎన్‌ఏ మధ్యకు ఒక అణువు దూరితే క్షార జంటలు ఎడం జరిగి పోగు సాగుతుంది, బిర్రుగా మారుతుంది. సాగిన పోగులున్న ద్రవం చిక్కనవుతుంది, గొట్టంలో నెమ్మదిగా జారుతుంది. డీఎన్‌ఏ గాడిలో ఊరికే ఆనుకుని కూర్చుంటే ఆ చిక్కదనం, అంటే స్నిగ్ధత, పెద్దగా మారదు. సిస్‌ప్లాటిన్‌లా వంచేస్తే తగ్గుతుంది.

1992లో 'బయోకెమిస్ట్రీ' పత్రికలో ఎస్. సత్యనారాయణ, జేమ్స్ డాబ్రోవియాక్, జోనాథన్ చెయిర్స్‌ల పత్రం వచ్చింది. ఇథీడియం బ్రోమైడ్ వేస్తే స్నిగ్ధత పెరిగింది, అది ఎలాగూ మధ్యకు దూరేదే. రుథీనియం సమ్మేళనం కుడిచేతిదీ, ఎడమచేతిదీ ఏది వేసినా ఆ తరహా పెరుగుదల లేదు. రెండూ సంప్రదాయ అర్థంలో ఇంటర్‌కలేషన్ చేయవని శీర్షికలోనే తేల్చి చెప్పారు. ఇప్పటికీ లోహ సమ్మేళనాలూ డీఎన్‌ఏ అని ఎవరు పత్రం రాసినా, స్నిగ్ధత దగ్గరకు వచ్చేసరికి వీళ్ల పేర్లు చెప్పక తప్పదు. ఆ సత్యనారాయణగారే హైదరాబాద్‌లో ఉస్మానియా రసాయన శాఖలో రుథీనియం, కోబాల్టు సమ్మేళనాల మీద ఎందరో విద్యార్థులతో పనిచేయించారు.

బార్టన్ ఓడిపోయిందని ఎగతాళి చేయకండి. మూడు ఫెనాంత్రొలీన్లలో ఒకదాని బదులు పొడవాటి రెక్క ఉన్న డీపీపీజెడ్ పెట్టిన రుథీనియం సమ్మేళనాన్ని ఆమె, సహచరులు 1990లోనే చూపించారు. అది నీళ్లలో వెలగదు, డీఎన్‌ఏని పట్టుకోగానే వెలుగుతుంది. రెక్క క్షార జంటల మధ్య దాక్కుంటే నీళ్లు దాన్ని తాకలేవు, అందుకని వెలుగు ఆరిపోదు. అది నిజంగానే మధ్యకు దూరుతుంది. లోహం మారలేదు. చుట్టూ ఉన్న రెక్క ఒకటి పొడుగైంది, పట్టే తీరే మారిపోయింది.

విస్కోమీటర్ వాడేవాళ్లకు చిన్న మాటలు. డీఎన్‌ఏ పోగులు మరీ పొడవుగా ఉంటే చుట్టుకుపోయి కొలత తప్పుతుంది, ముందే ధ్వని తరంగాలతో సుమారు 200 క్షార జంటల ముక్కలు చేసుకోండి. 260, 280 నానోమీటర్ల దగ్గర శోషణ నిష్పత్తి 1.8 దాటిందో లేదో చూడండి, తక్కువైతే మీ డీఎన్‌ఏలో ప్రోటీను ఉంది. తొట్టి ఉష్ణోగ్రత మారుతుంటే ఆ రోజు ప్రయోగం మానేయండి. మా వైపు కరెంటు పోయే వేళలు మీకు నేను చెప్పక్కర్లేదు.

7. అతుక్కున్నంత మాత్రాన మందు కాదు

కాఫ్ థైమస్ డీఎన్‌ఏ అని సీసాలో దొరుకుతుంది, దూడ మెడలోని గ్రంథి నుంచి తీసినది. దానికి మీ సమ్మేళనం పట్టుకుంది. బైండింగ్ స్థిరాంకం పదికి అయిదో ఘాతం వచ్చింది. పత్రం చివర వాక్యం: "కాబట్టి ఇది క్యాన్సర్ మందు కాగలదు." ఈ వాక్యం చదివి చదివి నాకు విసుగొచ్చింది.

సీసాలోని డీఎన్‌ఏకి కణపు పొర లేదు, దాని చుట్టూ హిస్టోన్ ప్రోటీన్లు లేవు, గంధకం ఉన్న గ్లూటాథయోన్ లేదు, రిపేరు ఎంజైములు లేవు. కణంలోకి వెళ్లిన సిస్‌ప్లాటిన్‌లో ఒక శాతం అటూ ఇటుగా మాత్రమే కేంద్రకంలోని డీఎన్‌ఏ దాకా చేరుతుంది. మిగతాది దారిలో ఏ గంధకానికో దొరికిపోతుంది. అయినా అది మందైంది, ఆ కాస్త పట్టు వదలదు కాబట్టి. రుథీనియం సమ్మేళనాల్లో ఎన్‌ఏఎంఐ-ఏ, కేపీ1019 అనేవి మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లాయి. నేనిది రాసేనాటికి ఒక్క రుథీనియం సమ్మేళనం కూడా క్యాన్సర్ మందుగా అనుమతి పొందలేదు. కీళ్లవాతానికి వాడే బంగారం మందు ఆరనోఫిన్ ప్రోటీన్లనే పట్టుకుంటుంది, డీఎన్‌ఏ వైపు చూడదు. ఒక రకం రక్తక్యాన్సర్‌కి ఇచ్చే ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ కూడా ప్రోటీన్‌నే పట్టుకుని పనిచేస్తుంది.

డీఎన్‌ఏని ఆపాలంటే డీఎన్‌ఏనే పట్టుకోవాలని కూడా లేదు. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌తోనే 1947లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కి వైద్యం మొదలుపెట్టాడు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. అందులో లోహం లేదు. అది డీఎన్‌ఏ కట్టడానికి కావలసిన సరుకునే ఆపేస్తుంది. మీ సమ్మేళనం కణాన్ని చంపితే, ఎక్కడ పట్టుకుని చంపిందో తేలేదాకా డీఎన్‌ఏ పేరు ఎత్తకండి.

8. వైద్యం చేసే లోహం ఒకటి, జబ్బు తెచ్చేవి బోలెడు

గోదావరి లంకల్లో పండే పొగాకు చుట్టలకు పెట్టింది పేరు. ఉత్తరాంధ్ర తీరంలోని పల్లెల్లో ఆడవాళ్లు వెలుగుతున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని విశాఖలో డాక్టర్ గోవిందరెడ్డిగారు, రావుగారు 1957లోనే పత్రం రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం శ్రీకాకుళం పల్లెల్లో తిరిగి ఆ సంగతి ప్రపంచానికి చెప్పింది.

పొగాకులో తారు ఒక్కటే కాదు, లోహాలూ ఉంటాయి. పొగాకు ఆకు నేలలోని కాడ్మియాన్ని బాగా పీల్చుకుంటుంది, కాలిస్తే పొగలోకి వస్తుంది. కాడ్మియం ప్లాటినంలా డీఎన్‌ఏని పట్టి వంచదు. రిపేరు చేసే ఎంజైముల పని చెడగొడుతుంది. తారు డీఎన్‌ఏని పాడుచేస్తే, దాన్ని బాగుచేసే చేతుల్ని ఇది కట్టేస్తుంది. దవడ పుండు తెచ్చిన పొగలోనూ లోహమే, ఆ పుండుకి ఎక్కించే మందులోనూ లోహమే.

క్రోమియం సంగతి ఇంకో తీరు. ఆరు వేలెన్సీ ఉన్న క్రోమేటు అచ్చం సల్ఫేటు ఆకారంలో ఉంటుంది, సల్ఫేటు వెళ్లే దారిలోనే కణంలోకి జొరబడుతుంది. లోపల మూడు వేలెన్సీకి దిగి డీఎన్‌ఏ మీద కూర్చుంటుంది. అదే మూడు వేలెన్సీ క్రోమియాన్ని బయట పెడితే కణంలోకి అంత తేలిగ్గా పోలేదు. ప్రాక్టికల్స్‌లో పొటాషియం డైక్రోమేటు ద్రావణాన్ని నోటితో పిపెట్టులోకి లాగిన తరం మాది, క్రోమిక్ ఆమ్లంతో గాజుసామాను కడిగిన తరం. ఇప్పుడు పిపెట్ బల్బులు వచ్చాయి. ఉన్న కాలేజీల్లో కూడా అవి డ్రాయర్లోనే ఉంటున్నాయి. తీసి వాడండి.

భస్మాల గురించి కూడా అడుగుతారు. బోస్టన్‌లో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికిందని 2004లో అమెరికా వైద్య సంఘం పత్రిక ప్రకటించింది. కీమోలో ఉన్నవాళ్లు అలాంటివి రహస్యంగా తింటే కిడ్నీకి రెండు దెబ్బలు. తింటే తిన్నానని డాక్టరుకు చెప్పండి, సిగ్గుపడకండి.

9. ఆ కాగితం పారేయకండి

మందు ఆపేశాక ప్లాటినం వెంటనే పోదు. వృషణ క్యాన్సర్ నయమైనవాళ్ల రక్తంలో పదేళ్లు, ఇరవై ఏళ్ల తర్వాత కూడా ప్లాటినం జాడ కనబడింది. చెవి లోపలి నత్తగుల్ల భాగంలో అది నెలలు, ఏళ్లు ఉండిపోతుందని 2017లో తేల్చారు. సన్నటి, కీచుమనే శబ్దాలు ముందు వినబడటం మానేస్తాయి. అందుకని మొదటి సీసా ఎక్కించక ముందే వినికిడి పరీక్ష చేయించుకోవాలి. తర్వాత తేడా తెలియాలంటే పోల్చడానికి అదొక్కటే ఆధారం. పిల్లల్లో చెవి కాపాడటానికి సోడియం థయోసల్ఫేట్‌ని అమెరికాలో 2022లో అనుమతించారు. సిస్‌ప్లాటిన్ ఎక్కించిన ఆరు గంటల తర్వాత ఇస్తారు, మిగిలిన ప్లాటినాన్ని దాని గంధకం పట్టుకుంటుంది. మేం ల్యాబులో అయొడిన్ టైట్రేషన్‌కి వాడే హైపోయే అది. ఫొటో స్టూడియోల్లో బకెట్లకొద్దీ ఉండేది.

ఇంట్లో చేసేవాళ్లు మొదటి రెండు రోజులు వాంతి, మూత్రం తీసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి. మరుగుదొడ్డి మూతపెట్టి రెండుసార్లు నీళ్లు కొట్టండి.

డిశ్చార్జి కాగితంలో సిస్‌ప్లాటిన్ మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు ఎక్కించారో, క్రియాటినిన్ ఎంతుందో రాసి ఉంటుంది. రాయకపోతే అడిగి రాయించుకోండి. దాన్ని వినికిడి పరీక్ష రిపోర్టుతో కలిపి రేషన్ కార్డు, ఆధార్ ఉన్న సంచిలోనే పెట్టండి. ఎన్నేళ్ల తర్వాతైనా ఏదో జ్వరానికి ఆసుపత్రికి వెళ్తే, జెంటామైసిన్, ఎమికాసిన్ లాంటి ఇంజెక్షన్ రాసే ముందు ఆ డాక్టరుకు చూపించండి. అవి కూడా చెవినీ, కిడ్నీనీ దెబ్బతీసేవే. మా వీధి నేత ఆయన తన కాగితాలు లామినేషన్ చేయించి బీరువాలో దాచాడు. అలా దాచితే ఊళ్లో లేనప్పుడు ఎలాగయ్యా అంటే, కూతురి ఫోన్‌లో ఫొటో తీయించి పెట్టాడు.